జపాన్‌కి విశాఖపట్నంతో ఏం పని?

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి తీసుకుని బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియానికి వెళ్ళాను. వాడు పదో తరగతి. కురుసుర సబ్‌మెరైన్ అప్పటికే రెండుసార్లు చూసేశాడు కాబట్టి, ఎండ తగ్గి ఇసుకలోకి దిగేదాకా మ్యూజియంలో తిరుగుదామనుకున్నాం. ఆ పాత డచ్చి బంగళాలో కత్తులూ పటాలూ చూసుకుంటూ వెళ్తుంటే ఒకచోట బాంబు తొడుగు ఉంటుంది, ఈ ఊరివాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు మన ఊరి మీద వేస్తే పేలకుండా మిగిలిపోయిన బాంబు. నేను చాలాసార్లు చూసిందే కాబట్టి ఆగకుండా ముందుకెళ్ళిపోయాను. వాడు మాత్రం ఆగిపోయాడు. కాసేపటికి నా వెనకాలే వచ్చి, "మావయ్యా, జపాన్‌కి విశాఖపట్నంతో ఏం పని?" అన్నాడు.

"అప్పుడు మనం బ్రిటిష్‌వాళ్ళ కింద ఉన్నాం, వాళ్ళకీ జపాన్‌కీ యుద్ధం, అందుకని వేశారు" అని చెప్పి బయటికి తీసుకొచ్చేశాను. చెప్పింది తప్పు కాదు. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. యుద్ధం ఎవరికీ ఎవరికీ అన్నది వాడి ప్రశ్న కాదు. టోక్యో నుంచి విశాఖపట్నానికి దాదాపు ఆరు వేల కిలోమీటర్లు. మన హార్బర్‌లో బస్తాలు మోసే కళాసీకీ ఆ దేశానికీ ఏ జన్మలోనూ తగాదా లేదు. అలాంటి ఒక దేశం ఏ కారణంతో ఇంత దూరం వచ్చి మా మామ్మ ఆడుకుంటున్న వీధి మీద బాంబులు వేసింది? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. నాలుగు రోజులుగా వాడికీ నాకూ ఇదే మాట నడుస్తోంది, వాడికి చెప్పిందీ చెప్పలేకపోయిందీ ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు ఆ రోజు సంగతి. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టర్ ఆదివారం, ఆ రోజున జపాన్ నౌకాదళం కొలంబో మీద పెద్ద దాడి చేసింది. అదే సమయంలో ఒజావా అనే అడ్మిరల్ కింద ఇంకో దళం బంగాళాఖాతంలోకి వచ్చింది. అందులో ర్యూజో అనే విమాన వాహక నౌక ఉంది. దాని మీద నుంచి లేచిన విమానాలే విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన పోర్టు అప్పటికి చంటిపిల్ల, 1933లో తెరిచారు. సింధియా కంపెనీవాళ్ళ షిప్‌యార్డుకి బాంబులు పడడానికి ముందు ఏడాదే, 1941లో, రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి వెళ్ళారు. ఆ వారం రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా ఓడలు మునిగిపోయాయి, ఎక్కువ భాగం సరుకు మోసుకెళ్ళే ఓడలే.

మా మామ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు, ఇల్లు వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర. "పెద్ద పెద్ద గెద్దల్లాగ వచ్చీసినాయిరా. మనోల్లవే అనుకుని మాం చేతులూపినాం" అని చెప్పేది. పిల్లలందరూ వీధిలో నిలబడి ఆ విమానాలకి చేతులూపారట. ఆ తర్వాత శబ్దం. వాళ్ళ అమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పిల్లల్ని ఈడ్చుకుంటూ లోపలికి పరిగెత్తిందట. ఊళ్ళో చనిపోయినవాళ్ళు కొద్దిమందే, కానీ ఊరు మాత్రం ఖాళీ అయిపోయింది. మామ్మ వాళ్ళు ఎడ్లబండి కట్టుకుని ఎస్.కోట వైపు చుట్టాల ఊరికి పోయారు, దారి పొడుగునా బళ్ళేనట, కావిళ్ళలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని నడిచినవాళ్ళు కూడా ఉన్నారట. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. మద్రాసులో ప్రభుత్వ ఆఫీసుల్ని లోపలి ఊళ్ళకి పంపేశారు. ఇప్పటికీ మన బీచ్‌లో కోతకి ఇసుక జారినప్పుడు ఆనాటి కాంక్రీటు పిల్‌బాక్సులు బయటపడుతుంటాయి, లోపల సిపాయి కూర్చుని సన్నటి కంతలోంచి సముద్రం వైపు తుపాకీ గురిపెట్టుకోవడానికి కట్టినవి. దాని మీద కూర్చుని మురీమిక్చర్ తినే పిల్లలకి అదేంటో తెలీదు.

సరే, ఇక్కడిదాకా ఎందుకొచ్చారు? వెనక్కి నడుచుకుంటూ వెళ్తేనే ఇది అర్థమవుతుందని నాకనిపించింది. విశాఖపట్నం దాకా వచ్చింది బర్మాను నిలబెట్టుకోవడానికి, సముద్రం మీద బ్రిటిష్ ఓడలు తిరక్కుండా చేయడానికి. రంగూన్ వాళ్ళ చేతికి చిక్కి అప్పటికి నెల కూడా కాలేదు. బర్మాకి ఎందుకొచ్చారంటే అక్కడ బియ్యం ఉంది, నూనె బావులున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా చైనాకి ఆయుధాలు వెళ్ళే రోడ్డు అక్కడినుంచే పోతుంది. ఆ దక్షిణ దేశాల మీద అసలు ఎందుకు పడ్డారంటే చమురు లేక. చమురు ఎందుకు లేదంటే అమెరికా ఆపేసింది కాబట్టి. అమెరికా ఎందుకు ఆపిందంటే 1941 జులైలో ఇండోచైనా (ఇప్పటి వియత్నాం, లావోస్, కంబోడియా) దక్షిణ భాగాన్ని కూడా ఆక్రమించారు కాబట్టి. ఇండోచైనాకి ఎందుకెళ్ళారంటే చైనా యుద్ధం ముగియక. చైనా యుద్ధం ఎందుకంటే, చైనా ఈశాన్య భాగమైన మంచూరియాని మింగినవాళ్ళకి దాని సరిహద్దు కాపాడుకోవాలంటే పక్కనున్నది కూడా కావాల్సి వచ్చింది కాబట్టి. అంటే నా మేనల్లుడి ప్రశ్నకి జవాబు మంచూరియాలో ఒక రైలు పట్టా దగ్గర మొదలవుతుంది.

1931 సెప్టెంబరు 18 రాత్రి ముక్డెన్ ఊరి దగ్గర, జపాన్ నడిపే రైలు మార్గం మీద చిన్న పేలుడు జరిగింది. ఎంత చిన్నదంటే ఆ తర్వాత వచ్చిన రైలు ఆ పట్టా మీదుగానే వెళ్ళిపోయింది. పేల్చింది అక్కడున్న జపాన్ సైన్యపు అధికారులే. చైనావాళ్ళు చేశారని చెప్పి తెల్లారేసరికి ఊరు పట్టేసుకున్నారు, నెలల్లో మంచూరియా అంతా వాళ్ళదైపోయింది. టోక్యోలో ప్రభుత్వం గొడవ పెద్దది కానివ్వబోమని ప్రకటించింది, సైన్యం వినలేదు. ఇక్కడ నన్ను బాగా పట్టుకున్న విషయం ఒకటుంది. ఆ అధికారులకి శిక్ష పడలేదు, పైగా వీరులైపోయారు. ఎందుకంటే అప్పుడు ఆ దేశం ఆకలితో ఉంది. ప్రపంచమంతా మాంద్యం, అమెరికా కొనడం మానేస్తే పట్టు ధర పడిపోయింది, ఈశాన్య జిల్లాల్లో రైతులు ఆడపిల్లల్ని అమ్ముకున్నారు. అలాంటివాళ్ళకి "మంచూరియా మన జీవనాడి, అక్కడ భూమి ఉంది, బొగ్గు ఉంది" అని అరచేతిలో వైకుంఠం చూపిస్తే ఎవరు వద్దంటారు? పత్రికలు పోటీలు పడి పొగిడాయి. ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి విచారణ చేయించి, 1933 ఫిబ్రవరిలో ఓటింగ్ పెడితే, నలభై రెండు దేశాలు ఒకవైపు, జపాన్ ఒక్కటీ ఒకవైపు. జపాన్ ప్రతినిధి మత్సువొకా సభలోంచి లేచి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేసరికి స్వదేశంలో జనం ఆయనకి స్వాగతం పలికారు. ప్రపంచమంతా తప్పంటుంటే మనవాడు ఎదిరించాడన్న గర్వం ముందు, ఆ ప్రపంచం చెప్పింది నిజమా కాదా అన్న ఆలోచన నిలబడలేదు.

ఇది విన్నాక వాడు రెండో ప్రశ్న వేశాడు. "వాళ్ళలో ఎవరూ వద్దనలేదా?"

అన్నారు. అదే నాకు అన్నిటికంటే బాధగా అనిపించే భాగం. ప్రధానమంత్రి ఇనుకై, డెబ్భై ఆరేళ్ళ ముసలాయన, మంచూరియాలో సైన్యానికి పగ్గాలు వేద్దామని చూశాడు. 1932 మే 15న యువ నౌకాదళ అధికారులు ఆయన ఇంట్లోకే వచ్చి కాల్చి చంపారు. విచారణ జరుగుతుంటే హంతకుల్ని క్షమించమని జనం దగ్గర్నుంచి గుట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి, కొన్ని రక్తంతో రాసినవి. ఆ అధికారుల్లో ఒక్కడికీ ఉరి పడలేదు. తర్వాత తకహాషి, ఆర్థిక మంత్రి. మాంద్యం నుంచి జపాన్ మిగతా దేశాలకంటే ముందు తేరుకుందంటే ఆయన వల్లే. తేరుకున్నాక, ఇంక సైన్యానికి ఖర్చు తగ్గించాలి, లేకపోతే దేశం మునుగుతుంది అన్నాడు. 1936 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున పడకలోనే కాల్చి, కత్తితో నరికారు. ఆయనకి ఎనభై ఒక్కేళ్ళు. ఆ తిరుగుబాటుని అణిచేశారు, ఈసారి ఉరిశిక్షలూ పడ్డాయి, కానీ లాభపడింది సైన్యమే. పదవిలో ఉన్న సైనికాధికారే యుద్ధమంత్రిగా ఉండాలన్న పాత నిబంధన అదే ఏడాది మళ్ళీ తెచ్చారు. అంటే సైన్యానికి నచ్చకపోతే మంత్రిని వెనక్కి పిలుచుకుంటుంది, మంత్రివర్గం కూలిపోతుంది. ఇంక ఓట్లెందుకు, పార్లమెంటెందుకు? జర్మనీకి హిట్లర్, ఇటలీకి ముస్సోలినీ ఉన్నట్టు జపాన్‌కి ఒక్క నియంత కనిపించడు కాబట్టి అది నియంతృత్వం కాదేమో అనుకునేవాళ్ళున్నారు. కాదనగలిగే ప్రతి ఒక్కడినీ చంపో, బెదిరించో, తప్పించో తీసేశాక కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటే, అక్కడ మాట్లాడేది తుపాకీయే అని నా అభిప్రాయం.

మూడో ఆయన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సైతో తకావో అని పార్లమెంటు సభ్యుడు. 1937లో మొదలైన చైనా యుద్ధం మూడేళ్ళు కావస్తున్నా తేలలేదు. అప్పటి చైనా రాజధాని నాంకింగ్‌లో లొంగిపోయినవాళ్ళనీ ఆడవాళ్ళనీ ఏం చేశారో ప్రపంచానికి తెలిసిపోయింది. 1940 ఫిబ్రవరిలో ఆయన సభలో లేచి, ఇది పవిత్ర యుద్ధం అంటూ ఎన్నాళ్ళు నడుపుతారు, దీని గమ్యం ఏంటి, జనం ఇన్ని త్యాగాలు చేస్తున్నారు, దేనికోసం అన్న అర్థంలో అడిగాడు. ఆ ప్రసంగంలో చాలా భాగాన్ని రికార్డుల్లోంచి తీసేశారు. మరుసటి నెలలో ఆయన్నే సభలోంచి బహిష్కరించారు. ఆ ఏడాది చివరికి పార్టీలన్నీ రద్దయిపోయాయి. అయితే 1942 ఎన్నికల్లో ప్రభుత్వం మద్దతు లేకుండానే పోటీ చేస్తే ఆయన ప్రాంతపు ఓటర్లు ఆయన్నే గెలిపించి పంపారు. ఆ ఎన్నికలు జరిగింది ఏప్రిల్‌లో, మన ఊరి మీద బాంబులు పడిన నెలలోనే. "జపాన్ వాళ్ళు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం. ఆ వేలమంది ఓటర్లు కూడా జపాన్‌వాళ్ళే, ఇది వాడికి రెండుసార్లు చెప్పాను.

ఇక్కడ అసలు సంగతికొస్తాను. నేను చదువుకున్నంతలో ఇలాంటి పాలకులు ఒకరోజు పొద్దున్నే లేచి ప్రపంచ యుద్ధం చేద్దాం అనుకోరు. మొదటి అడుగు చవగ్గా పడుతుంది, చప్పట్లు వస్తాయి. ఆ చప్పట్లే వాళ్ళ అధికారానికి ఆధారం అయిపోతాయి. ఎన్నికల్లేవు, ప్రశ్నించే పత్రికల్లేవు, ఇంక వాళ్ళు కుర్చీలో ఎందుకున్నారో చెప్పుకోవడానికి గెలుపులు తప్ప వేరే ఏమీ లేదు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఆ గెలుపంతా అబద్ధమని ఒప్పుకున్నట్టు. అందుకని ఆగలేరు. ఊబిలో దిగినవాడు కాలు తీసుకోవాలని కదిలినకొద్దీ దిగబడినట్టు.

1941 శరదృతువులో టోక్యోలో జరిగింది చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది, ఏం జరగబోతోందో తెలిసి కూడా. అప్పటికి వాళ్ళు వాడే చమురులో దాదాపు ఎనభై శాతం అమెరికా నుంచే వచ్చేది. ఆగస్టులో అది ఆగిపోయింది. నిల్వ ఉన్నది రెండేళ్ళకి సరిపోతుంది, యుద్ధం వస్తే ఇంకా తక్కువకే. చైనా నుంచి వెనక్కి వెళ్ళమంటుంది అమెరికా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వేసవిలోనే ప్రభుత్వం ఒక పని చేయించింది. ముప్ఫై ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న తెలివైన ఉద్యోగుల్నీ అధికారుల్నీ ఒక సంస్థలో కూర్చోబెట్టి, అమెరికాతో యుద్ధమొస్తే ఏమవుతుందో లెక్కలు కట్టి చెప్పమంది. వాళ్ళు చమురు, ఉక్కు, ఓడలు అన్నీ లెక్కేసి, మొదట్లో గెలుస్తాం గానీ చివరికి ఓడిపోతాం, రష్యా కూడా ఆఖర్లో దిగుతుంది అని ఆగస్టు చివర్లో ప్రధాని ముందూ, యుద్ధమంత్రి తోజో ముందూ చెప్పేశారు. దాదాపు అలాగే జరిగింది. తోజో విని, యుద్ధం లెక్కల ప్రకారం నడవదు, మునుపు రష్యాతో చేసిన యుద్ధంలో కూడా గెలుస్తామనుకుని దిగలేదు అన్న అర్థంలో మాట్లాడి, ఈ సంగతి బయట చెప్పొద్దన్నాడు. అంటే వాళ్ళకి తెలుసు. తెలియక చేసిన పని కాదిది.

సెప్టెంబరులో చక్రవర్తి సైన్యాధిపతి సుగియామాని నిలదీసిన సంగతి అప్పటి ప్రధాని కొనోయె రాసుకున్నాడు. చైనా గొడవ నెలలో అయిపోతుందన్నావు, నాలుగేళ్ళయినా అవలేదేం అని అడిగితే, చైనా లోపలికి వెళ్ళేకొద్దీ చాలా విశాలమైన దేశం ప్రభూ అన్నాడట. చైనా విశాలమైతే పసిఫిక్ మహాసముద్రం ఇంకా విశాలం కాదా అన్నాడట చక్రవర్తి. ఆ మాట అన్నాక కూడా ఆయన ఆపలేదు. అక్టోబరులో మంత్రివర్గంలో కొనోయె చైనా నుంచి కొంత సైన్యాన్ని వెనక్కి తీసుకుందామంటే తోజో ససేమిరా అన్నాడు. అంతమంది సైనికులు ప్రాణాలిచ్చి సంపాదించింది వదులుకుంటే వాళ్ళ చావుకి అర్థం ఏంటి, చైనా వదిలితే మంచూరియా పోతుంది, మంచూరియా పోతే కొరియా పోతుంది, ఇదీ ఆయన వాదం. అప్పటికి చైనాలో లక్షకు పైగా జపాన్ సైనికులు చనిపోయారు. పోయినవాళ్ళ పేరు చెప్పి ఇంకా లక్షల మందిని పంపడం! ఆ పోయినవాళ్ళని పంపింది కూడా వీళ్ళే కదా. నాకు ఈ వాదన ఎక్కడ వినపడినా ఒళ్ళు జలదరిస్తుంది. కొనోయె రాజీనామా చేశాడు, తోజో ప్రధాని అయ్యాడు, డిసెంబరులో పెర్ల్ హార్బర్, ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్, అండమాన్, ఏప్రిల్లో మనం.

ఇది జపాన్ ఒక్కదాని కథే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ముస్సోలినీ 1935 అక్టోబరులో ఇథియోపియా మీద పడ్డాడు. నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది గానీ చమురు ఆపలేదు, సూయజ్ కాలువ మూయలేదు, అంటే కరిచే కుక్కకి అన్నం పెడుతూ మొరగొద్దని కేకలేసినట్టు. ఆ డిసెంబరులో ఇటలీ ఆడవాళ్ళు వరసలో నిలబడి పెళ్ళి ఉంగరాలు దేశానికి ఇచ్చారు, బదులుగా ఉక్కు ఉంగరం వేసుకున్నారు. మన ఆడవాళ్ళు పుస్తెలు తీసి ఇచ్చినట్టు ఊహించుకోండి. అంత నమ్మకం. ఆ యుద్ధం గెలిచారు, దాని ఖర్చుతోనూ స్పెయిన్ అంతర్యుద్ధంలో దూరిన ఖర్చుతోనూ గుల్లయిపోయి, 1940లో హిట్లర్ వెనకాల పెద్ద యుద్ధంలోకి దిగేసరికి వాళ్ళ సైన్యానికి సరైన ఆయుధాలే లేవు.

హిట్లర్ గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను, ఒక్క విషయం తప్ప. 1938 సెప్టెంబరు 27న, చెకొస్లొవాకియా గొడవ ముదిరిన రోజుల్లో, బెర్లిన్ వీధుల్లో సైనిక వాహనాల ఊరేగింపు పెట్టించాడు, జనం ఉత్సాహంగా కేకలు వేస్తారని. జనం నోరు మెదపకుండా చూసి ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. వాళ్ళకి యుద్ధం అక్కర్లేదు. రైన్ ప్రాంతం, ఆస్ట్రియా, ఇవన్నీ రక్తం చిందకుండా వచ్చాయి కాబట్టి చప్పట్లు కొట్టారు. కానీ అప్పటికి వాళ్ళు వద్దన్నా వినేవాడు లేడు. ఏడాది ముందు తన పథకం చెప్పినప్పుడు అనుమానాలు చెప్పిన యుద్ధమంత్రినీ, సైన్యాధిపతినీ, విదేశాంగ మంత్రినీ మూడు నెలల్లో తప్పించేశాడు. ఆయుధాల ఖర్చు తగ్గించమన్న కేంద్ర బ్యాంకు అధిపతి షాక్ట్‌నీ పక్కన పెట్టేశాడు. ఖజానా ఖాళీ అవుతుంటే ఆస్ట్రియా బంగారం వచ్చింది, అదీ అయ్యాక ప్రేగ్ చేజిక్కింది, అక్కడి బంగారం, అక్కడి ఆయుధ కర్మాగారాలు. తుపాకుల కోసం అప్పు, అప్పు తీర్చడానికి ఇంకో దేశం.

ఇంకొకటి, మనకి దగ్గరి కాలంలోది. అర్జెంటీనాలో 1976 నుంచి సైనిక పాలన, వేలమందిని మాయం చేసిన పాలన. 1982కి ధరలు ఏడాదిలో రెట్టింపుకి మించి పెరుగుతున్నాయి. మార్చి 30న కార్మికులు బ్వేనోస్ ఐరీస్ నడిబొడ్డున మే చౌక్ దగ్గర ఊరేగింపు చేస్తే పోలీసులు చితకబాదారు. ఏప్రిల్ 2న సైన్యం బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్లాండ్ దీవుల్ని పట్టుకుంది. అదే చౌక్‌లో, మూడు రోజుల తేడాలో, వేలమంది జెండాలు పట్టుకుని అదే పాలనకి అధినేత అయిన జనరల్ గల్తియేరికి జేజేలు కొట్టారు. ఇంట గెలవలేనివాడు రచ్చకెక్కితే ఎంత తొందరగా గెలిచినట్టు కనిపిస్తాడో చూడండి. జూన్ 14కి లొంగిపోయారు. అర్జెంటీనావాళ్ళు 649 మంది, బ్రిటిష్‌వాళ్ళు 255 మంది పోయారు. ఆ అర్జెంటీనా సైనికుల్లో చాలామంది నిర్బంధంగా చేర్చుకున్న కుర్రాళ్ళు, కొందరు వేడి ప్రాంతాల నుంచి వచ్చి ఆ మంచు గాలుల్లో తడి గుంటల్లో వణికినవాళ్ళు. మా మేనల్లుడికంటే మూడు నాలుగేళ్ళు పెద్దవాళ్ళు, అంతే.

నాకు తెలిసిన పెద్దాయన ఒకరికి ఈ మాటలు చెబితే, "ఏంటయ్యా, జపాన్ మనల్ని తెల్లోడి నుంచి విడిపించడానికే వచ్చింది, మా నాన్నలాంటివాళ్ళు అప్పట్లో సంతోషించారు" అన్నారు. ఆ సంతోషం నాకర్థమవుతుంది. రెండొందల ఏళ్ళు మన నెత్తినెక్కి కూర్చున్నవాళ్ళని ఒక ఆసియా దేశం సింగపూర్‌లో మోకాళ్ళ మీద నిలబెడితే ఎవరికి సంతోషం వేయదు? బ్రిటిష్‌వాళ్ళ సామ్రాజ్యం మంచిదని నేను ఈ జన్మలో అనను, 1943లో బెంగాల్‌లో లక్షలమంది తిండి లేక చనిపోతుంటే వాళ్ళేం చేశారో తెలుసు. కానీ "ఆసియా ఆసియావాళ్ళదే" అన్న నినాదం నిజమో కాదో తెలియాలంటే మన పోర్టు నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయ పురం) వెళ్ళి అడగాలి. అక్కడ మూడేళ్ళు జపాన్ పాలన నడిచింది. గూఢచారులన్న అనుమానంతో అక్కడి జనాన్ని అదే సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పెట్టారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కి అక్కడ అధ్యక్షుడిగా ఉన్న డాక్టర్ దివాన్ సింగ్ ఆ హింసకే 1944 జనవరిలో చనిపోయాడు. ఆ నెలాఖర్లోనే హంఫ్రీగంజ్ దగ్గర నలభై నాలుగు మందిని కాల్చి చంపారు. వాళ్ళందరూ భారతీయులే, ఆసియావాళ్ళే.

ఇంక మా ఇంటి సంగతి. దీని గురించి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. మన ఉత్తరాంధ్రలో పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. "ఆడు రంగం పోనాడు" అంటే పని దొరికింది, ఇంటికి డబ్బొస్తుంది అని. విశాఖపట్నం నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఓడలెక్కి వేలమంది వెళ్ళారు, రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో. అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు నుంచి ఓడెక్కారని. మా మామ్మ వాళ్ళ చిన్నాన్న కూడా అలాగే వెళ్ళాడు, పెళ్ళి కాని కుర్రాడు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి, రేవు మీద కూడా. ఆ తర్వాత నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి, వేలాదిమంది దారిలోనే పోయారు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి పెట్టారన్న ఫిర్యాదులు అప్పుడే వచ్చాయి.

ఆ చిన్నాన్న ఓడెక్కాడో, నడిచాడో, అసలు ఆ డిసెంబరు రోజునే రేవు దగ్గర ఉన్నాడో ఎవరికీ తెలీదు. ఆ నవంబరులో ఒక మనియార్డరు వచ్చింది, అదే ఆఖరిది. యుద్ధమయ్యాక రంగం నుంచి తిరిగొచ్చినవాళ్ళందరినీ మామ్మ వాళ్ళ నాన్న అడిగాడట. 1960ల్లో బర్మాలో నే విన్ సైనిక పాలన వచ్చి మనవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు వచ్చినవాళ్ళకే కంచరపాలెంలో బర్మా క్యాంపు ఏర్పడింది. అప్పటికి మామ్మకి పెళ్ళయి నలుగురు పిల్లలు. ఆ వయసులో కూడా క్యాంపుకి వెళ్ళి, ఫలానా ఇంటిపేరువాడు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంటుంది, ఎవరైనా చూశారా అని అడిగి వచ్చిందట.

మా ఇంట్లో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం. దేవుడి గూట్లో వరసగా చీరలూ పంచెలూ పెట్టి, ఒక్కొక్కటీ ఎవరిదో పేరు చెప్పి దణ్ణం పెట్టుకోవాలి. మామ్మ ఉన్నన్నాళ్ళూ ఒక పంచె ఎక్కువ పెట్టేది, కానీ అందరికీ పెట్టినట్టు దానికి పసుపు బొట్టు పెట్టనిచ్చేది కాదు, వాడు పోయాడని ఎవరు చూశారు అనేది. మామ్మ పోయి పదకొండేళ్ళయింది. అమ్మ ఇప్పటికీ ఆ పంచె అలాగే పెడుతుంది, బొట్టు లేకుండా. మా మేనల్లుడు ప్రతి పండక్కీ ఆ బట్టలు మోసి గూట్లో సర్దేవాడే, అది ఎవరిదని ఇంతవరకూ అడగలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాడు.